గోడకు ఏ బొమ్మ, పిల్లలకు ఏ ఆట: మన చిత్రకళల్లో, జానపద నృత్యాల్లో దేన్ని ఎంచుకోవాలి?

కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "హాల్లో ఆ ఖాళీ గోడకి కలంకారీ పెడదామా, తంజావూరు బొమ్మ పెడదామా?" పిల్లలున్నవాళ్లు అడిగేది ఇంకొకటి: "సెలవుల్లో మధుబని నేర్పిద్దామా, కోలాటానికి పంపిద్దామా?" దేనికైనా ముందు ఒకటి చూడమంటాను. ఆ కళ పుట్టినచోట ఏం పని చేసేది? కథ చెప్పేదా, పూజ అందుకునేదా, పెళ్లి గదిని అలంకరించేదా, ఊరంతా కలిసి ఆడుకునేదా? ఆ పనికి మీ ఇంట్లోనో మీ పిల్లల సాయంత్రాల్లోనో చోటుంటే అది మీ దగ్గర నిలుస్తుంది. సోఫా రంగుకి మ్యాచ్ అయిందని కొన్నది రెండేళ్లకే స్టోర్ రూమ్‌లోకి వెళ్తుంది.

కలంకారీలో ఏది?

ఎక్కువ గందరగోళం ఇక్కడే. దుకాణంలో కలంకారీ పేరుతో అమ్మేవి మూడు రకాలు: శ్రీకాళహస్తిలో చేత్తో గీసేది, మచిలీపట్నం పక్కన పెడనలో చెక్క అచ్చులతో అద్దేది, ఎక్కడో మిల్లులో స్క్రీన్ ప్రింట్ కొట్టేది. మొదటి రెండూ భౌగోళిక గుర్తింపు ఉన్న అసలు కళలు. మూడోది వట్టి డిజైన్ మాత్రమే.

శ్రీకాళహస్తిలో పని జరిగేచోట కాసేపు కూర్చుంటే ధరలో తేడా ఎందుకో అర్థమవుతుంది. వెదురు పుల్ల కొసను సన్నగా చెక్కి, కాస్త పైన గుడ్డ పేలికలు చుట్టి దారంతో బిగిస్తారు. రంగులో ముంచితే ఆ గుడ్డ ముద్ద పీల్చుకుంటుంది. గీసేటప్పుడు వేళ్లతో ఎంత నొక్కితే అంత రంగు కొసకు దిగుతుంది. అందుకే గీత ఒకచోట సన్నగా, ఒకచోట లావుగా నడుస్తుంది. నల్ల గీతకు వాడేది ఇనుప తుక్కు, బెల్లం కలిపి నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టిన కసిం. బట్టను అంతకుముందే కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి ఆరబెట్టి ఉంచుతారు. కరక్కాయ వగరు, కసింలోని ఇనుము కలిసినచోట నలుపు పడుతుంది. పాలు రంగు పాకకుండా ఆపుతాయి. ఎరుపు కావాల్సినచోట పటిక నీళ్లు పూసి, ఆపైన చిరివేరు, మంజిష్ఠ లాంటివి వేసి బట్టను ఉడికిస్తారు. పటిక తగిలినచోటే ఎరుపు పట్టుకుంటుంది. పసుపుకు కరక్కాయ పువ్వు, నీలానికి నీలిమందు. మధ్యమధ్య పారే నీళ్లలో ఉతుకుతూ ఉండాలి, దానికి పక్కన స్వర్ణముఖి ఉంది. ఇంత తతంగం ఉన్న బట్ట స్క్రీన్ ప్రింట్ ధరకు దొరికిందంటే అనుమానించాల్సిందే.

కొనేముందు బట్టను తిరగేసి చూడండి. చేత్తో గీసినదైతే గీతలు వెనక్కి కూడా దిగి ఉంటాయి. స్క్రీన్ ప్రింట్‌లో ముందువైపు ముదురుగా, వెనకవైపు వెలవెలబోతూ ఉంటుంది. ఒకే బొమ్మలో రెండు నెమళ్లుంటే రెండింటినీ పోల్చండి. చేతి పనిలో అవి అచ్చంగా ఒకేలా ఉండవు. మెరిసే గులాబీ, నియాన్ పచ్చ కనిపిస్తే అవి చెట్టు రంగులు కావు. కొత్త బట్ట అయితే వాసన చూడండి, పాలు, కరక్కాయ కలిసిన ఘాటు కొన్ని వారాల వరకూ పోదు.

శ్రీకాళహస్తి పనిలో కథ ప్రధానం. గుళ్లలో కట్టే పెద్ద బట్టల మీద రామాయణ, భారత ఘట్టాలను వరసల్లో గీసి, కింద తెలుగులో పద్యాలు, మాటలు రాయడం పాత పద్ధతి. 1950ల చివర్లో, చేతిపనుల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో అక్కడ శిక్షణ కేంద్రం మొదలయ్యే నాటికి పని చేసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. ఆ తర్వాతి తరంలో జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. మీ హాల్లో కూర్చుని చూసేంత దూరంలో వెడల్పాటి గోడ ఉంటే, ఇంట్లో కథలు చెప్పే అలవాటుంటే ఇదే తీసుకోండి. మచిలీపట్నం పని అందుకు భిన్నం. గోల్కొండ సుల్తానుల కాలంలో పర్షియా అభిరుచితో పెరిగిన పూలు, తీగలు, జీవవృక్షం అందులో ప్రధానం. టేకు చెక్క మీద చెక్కిన అచ్చులతో అద్దుతారు కాబట్టి అదే డిజైన్ గజాల కొద్దీ వస్తుంది. దుప్పట్లు, కర్టెన్లు, చీరలు, కుర్తీలకు ఇదే నప్పుతుంది. దీన్ని తక్కువ రకం అనుకోవద్దు, అచ్చు చెక్కడం ఒక పెద్ద విద్య. అచ్చుకూ అచ్చుకూ మధ్య వెంట్రుకవాసి అతుకు కనిపిస్తే అది చేతి అద్దకానికి గుర్తు, లోపం కాదు.

రెండింటికీ ఎండ పడదు. ఎదురుగా పడమటి కిటికీ ఉన్న గోడకు కలంకారీ కట్టకండి.

కథ చెప్పే పటాలు

తెలంగాణలో స్థిరపడ్డవాళ్లు ఎవరడిగినా చేర్యాల పటం చూడమనే చెప్తాను. ఎర్రటి నేల, పెద్ద కళ్లు, తలపాగాలు, పూల అంచుతో విడగొట్టిన గదుల్లో ఒక్కో ఘట్టం. ఖాదీ బట్టకు బియ్యపు గంజి, చింతగింజల అంబలి, సుద్ద, జిగురు కలిపి పూతలు పూసి, గట్టిపడ్డాక బొమ్మ వేస్తారు. ఈ పటాలు గోడకు పెట్టుకోడానికి పుట్టలేదు. కథ చెప్పే కళాకారులు తమకు కావాల్సిన పురాణాన్ని నకాషీల (ఈ పటాలు వేసే చిత్రకారుల) దగ్గర వేయించుకునేవారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవారు, ఇలా ఒక్కో కులానికి ఒక్కో ఆశ్రిత బృందం, ఒక్కో పటం. ముప్పై అడుగులు దాటిన పటాన్ని ఒక్కో గదీ విప్పుతూ రాత్రంతా పాడేవారు.

అందుకే ఇక్కడ ఒక మంచి అవకాశం ఉంది. మీ కులపురాణంలోనో, మీ ఊరి కథలోనో ఒక ఘట్టం చెప్పి వేయించుకోవచ్చు. పద్మశాలీల ఇంట్లో భావనా ఋషి ఘట్టం ఉన్న చిన్న పటం చూస్తే తాతలు మనవళ్లకు దాన్ని చూపించి కథ మొదలుపెడతారు. దుకాణంలో రెడీగా దొరికే బతుకమ్మ, బోనాల బొమ్మలు బాగానే ఉంటాయి కానీ ఈ కళ అసలు బలం మాత్రం కథలో ఉంది.

ఇలాంటి పనే రాజస్థాన్‌లో ఫడ్ అనే బట్ట పటం చేస్తుంది. పాబూజీ అనే జానపద వీరుడి కథను భోపా అనే పూజారి గాయకులు రాత్రిపూట దీపం వెలుగులో చూపిస్తూ, రావణహత్త అనే తీగ వాద్యం వాయిస్తూ, ఆడుతూ పాడుతూ చెప్తారు. తేడా ఏమిటంటే ఫడ్ అడ్డంగా పొడుగ్గా మొత్తం ఒకేసారి పరుచుకుంటుంది, చేర్యాల పటం నిలువుగా దిగుతుంది. మెట్ల పక్కన సన్నటి నిలువు గోడకు చేర్యాల, డైనింగ్ టేబుల్ వెనక పొడుగాటి గోడకు ఫడ్. చేర్యాల పటాన్ని మడతపెడితే సుద్ద పూత పగులుతుంది, చుట్టే ఉంచాలి. తడి గోడకు అసలు వద్దు. కోస్తాలో సముద్రం దగ్గర ఇల్లున్నవాళ్లు అద్దం ఫ్రేమ్ కట్టించుకోవడం మంచిది.

పూజగదికి, పెళ్లి కానుకకి

పూజగదికైతే తంజావూరు, పట్టచిత్రం మధ్యే పోటీ. తంజావూరు బొమ్మలో చెక్క పలక మీద బట్ట అంటించి, సుద్దపొడి, జిగురు ముద్దతో నగలు, మంటపం ఉబ్బెత్తుగా తీర్చి, పైన బంగారు రేకు, రాళ్లు పొదుగుతారు. నాయకరాజుల, మరాఠాల కాలంలో ఈ పని చేసినవాళ్లలో తెలుగు మాట్లాడే రాజు కుటుంబాలు ఉన్నాయి, కాబట్టి అది మనకు పరాయి కళ కాదు. చిన్న దీపం వెలుగులో దీనికి సాటి వచ్చేది లేదు. హాల్లో ట్యూబ్‌లైట్ కింద మాత్రం ఆ మెరుపు కళ్లకు కొడుతుంది. కొనేటప్పుడు రేకు అసలు బంగారమా, నకిలీదా అని సూటిగా అడిగి బిల్లు మీద రాయించుకోండి. నకిలీ రేకు కొన్నేళ్లకు నల్లబడుతుంది. తడిబట్టతో తుడవకూడదు.

ఒడిశా పట్టచిత్రం నిరాడంబరంగా, మహా సున్నితంగా ఉంటుంది. స్నానపూర్ణిమ తర్వాత పూరీ జగన్నాథుడు భక్తులకు కనిపించని ఆ పదిహేను రోజులూ గుళ్లో పూజలందుకునేది పట మీద గీసిన మూర్తులే. అంతటి స్థానం ఉన్న బొమ్మను ఇంట్లో పెట్టుకోవడం పూరీ భక్తులకు ఎంతో ఇష్టం. ఉత్తరాంధ్రలో జగన్నాథుణ్ణి కొలిచే ఇళ్లు చాలా ఉన్నాయి కదా, వాళ్లకు నేనైతే తంజావూరు కంటే దీన్నే సూచిస్తాను.

కొత్త దంపతులకు కానుకగా ఏదైనా ఇవ్వాలనుకుంటే మధుబని కొహ్‌బర్ వెతకండి. మిథిలలో పెళ్లి గది గోడ మీద ఆడవాళ్లు తామరలు, వెదురు, చేపలు, చిలుకలతో గీసే బొమ్మ అది. 1960ల మధ్య బిహార్‌లో కరువొచ్చినప్పుడు ఆ గోడ బొమ్మల్ని కాగితం మీదకు దింపి అమ్ముకునేలా ప్రోత్సహించారు. జగదంబా దేవి, సీతాదేవి, గంగాదేవి లాంటివాళ్ల పేర్లు దేశానికి తెలిసింది ఆ తర్వాతే. రెండు గీతల అంచు, ఎక్కడా ఖాళీ వదలని నిండుదనం దాని గుర్తులు. ఇప్పటికే సామాను ఎక్కువున్న గదిలో ఇది ఇరుగ్గా అనిపిస్తుంది. అక్కడ వార్లీ పెట్టండి, మట్టి రంగు మీద తెల్లటి బియ్యప్పిండి బొమ్మలు గదికి ఊపిరి పోస్తాయి.

నిర్మల్ బొమ్మలు నల్లటి నేల మీద బంగారు రంగు మెరుపుతో ఆఫీసు గదులకు బాగుంటాయి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు మేకతోలుతో చేసే ల్యాంప్ షేడ్లు బాల్కనీకో, పడకగదికో పెట్టి చూడండి. తోలు వెనక నుంచి వెలుగు వస్తేనే ఆ రంగులు బయటపడతాయి. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. విదేశాల్లో ఉన్నవాళ్లకు సూట్‌కేస్ లెక్క ముఖ్యం: కలంకారీ బట్ట మడిచి తీసుకెళ్లొచ్చు, చేర్యాల మాస్కులు (ముఖం బొమ్మలు) తేలిక, అద్దం కట్టిన తంజావూరు బొమ్మ మాత్రం పెద్ద టెన్షన్.

నేర్చుకోడానికైతే

కొనడానికి మంచిదల్లా నేర్చుకోడానికి మంచిది కాదు. చిన్నపిల్లలకు వార్లీతో మొదలుపెట్టండి. వృత్తం, త్రిభుజం, గీత వస్తే చాలు, మొదటి రోజే ఒక మనిషి పరిగెడుతున్నట్టు వస్తాడు. పదేళ్లు దాటి, ఒకచోట గంట కూర్చోగలిగిన పిల్లలకు మధుబని, ఇంకా ఓపిక ఉంటే పట్టచిత్రం. కలంకారీని ఇంట్లో నేర్పిస్తామనే క్లాసుల్లో మామూలుగా ఫ్యాబ్రిక్ పెయింట్‌తో బొమ్మ గీయడం మాత్రమే ఉంటుంది. ఆ గీత నేర్చుకోవడంలో తప్పేం లేదు. అసలు పని చూడాలంటే తిరుపతి వెళ్లినప్పుడు శ్రీకాళహస్తిలో ఒక పూట గడిపితే పది క్లాసులకన్నా ఎక్కువ తెలుస్తుంది.

బొమ్మా, నాట్యమా అన్న ప్రశ్నకు పిల్లల స్వభావమే జవాబు. ఒంటరిగా ఉండటం ఇష్టపడే పిల్లకు చుట్టూ మనుషులు కావాలని నాట్యానికి పంపే తల్లిదండ్రులుంటారు. అది ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి పిల్ల ముడుచుకుపోతుంది. నెల రోజులు రెండూ చూపించి తననే ఎంచుకోనివ్వండి. ఒక తేడా మాత్రం గుర్తుంచుకోవాలి: బొమ్మ ఏ రాత్రయినా ఒక్కరే కూర్చుని వేసుకోవచ్చు, జానపద నృత్యానికి బృందం కావాలి. బృందం దొరకని ఊళ్లో ఎంత మంచి నాట్యమైనా నాలుగు నెలలకు ఆగిపోతుంది.

కోలాటమా, దాండియానా, థింసానా?

అపార్ట్‌మెంట్లలో దసరాకు ఏటా ఇదే చర్చ. దాండియాకు మైదానం, స్పీకర్లు, చేతిలో కర్రలుంటే చాలు, వచ్చినవాళ్లంతా అరగంటలో కలిసిపోతారు. ఒక్క రాత్రి సరదాకు అదే సులువు. ఏడాది పొడవునా నడిచే బృందం కావాలంటే మాత్రం కోలాటమే నా ఓటు. కోలాటంలో ఎన్నో కోపులుంటాయి, ఒక్కో కోపుకూ నడక, కర్ర తగిలే లెక్క, జత మారే తీరు వేరు. ఒకటి వచ్చాక ఇంకొకటి నేర్చుకోవాలన్న ఆశ పుడుతుంది. పాటలు మనవే, పాడేవాళ్లూ మనలోనే ఉంటారు. ఎనిమిది మంది ఉంటే మొదలుపెట్టొచ్చు, అరవై దాటిన అత్తమ్మలూ ఆడతారు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో మాడవీధుల్లో వాహనం ముందు ఆడే బృందాల్లో చాలామంది ఇలా ఊళ్లలో సాయంత్రాలు నేర్చుకున్న ఆడవాళ్లే. విదేశాల్లో తెలుగు సంఘాలకు కూడా ఇదే అనుకూలం, ఖర్చు రెండు కర్రలే.

బృందం కుదురుకున్నాక జడకోలాటానికి వెళ్లొచ్చు. పైన కట్టిన తాళ్ల కొసలు తలా ఒకటి పట్టుకుని, ఒకరు లోపల నుంచి, ఒకరు బయట నుంచి దాటుతూ తిరిగితే పైన జడ అల్లుకుంటూ కిందికి దిగుతుంది. తర్వాత అదే లెక్కలో వెనక్కి తిరుగుతూ విప్పాలి. ఒక్కరు తప్పినా చిక్కు పడుతుంది, ఆడటం ఆపి అందరూ పైకి చూస్తారు. కనీసం ఆర్నెల్లు కలిసి ఆడినవాళ్లకే ఇది.

అరకు గిరిజనుల థింసా నేర్చుకోడానికి ఇంకా సులువు, మోకాళ్లకు నెమ్మది. పక్కవాళ్ల నడుం వెనక చేతులు వేసుకుని గొలుసుకట్టుగా నిలబడి, కుడివైపు, ఎడమవైపు అడుగులు కలుపుతూ పాములా సాగుతారు. చైత్ర పండుగల్లో, పెళ్లిళ్లలో అందరూ ఆడే నృత్యం కాబట్టి బయటివాళ్లు కలిస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు, అరకు వెళ్లినవాళ్లను వాళ్లే లాగి కలుపుకుంటారు. మోరి, కిరిడి, తుడుం అనే వాద్యాలు లేకపోతే మాత్రం సగం పోతుంది. రికార్డు పెట్టి ఆడేదైతే కోలాటం మేలు.

డప్పు గురించి కాస్త ఆగి చెప్పాలి. కుదురుగా కూర్చోలేని, చేతుల్లో బలం ఉన్న పిల్లలకు ఇంతకన్నా మంచిది లేదు. ఎడమ చేత్తో చిటికెన పుల్ల, కుడి చేత్తో సిర్ర, వాయిస్తూనే అడుగు, ఒంగడం, తిరగడం. తోలు డప్పును వాయించే ముందు మంట దగ్గర కాచాలి, అప్పుడే తోలు బిగిసి మోత వస్తుంది. వానాకాలంలో మళ్లీ మళ్లీ కాస్తారు. ప్లాస్టిక్ డప్పుకు ఆ బాధ లేదు, ఆ గొంతూ రాదు. ఈ వాద్యాన్ని తరతరాలుగా మాదిగలు మోశారు. చావుకూ చాటింపుకూ కూలి కూడా సరిగా ఇవ్వకుండా వాళ్ల చేత వాయించుకున్న ఊళ్లవి. ఇవాళ ఏ కులం పిల్లలైనా నేర్చుకోవడం మంచిదే, నేర్పే గురువు ఆ ఇళ్లలోంచి వచ్చినవాడై, ఆ చరిత్ర చెప్పి నేర్పితే ఇంకా మంచిది.

పేరిణి శివతాండవాన్ని జానపదం లెక్కలో వేసి వేసవి శిబిరంలో పెడుతుంటారు. అది వేరే దారి. కాకతీయుల కాలపు జాయప సేనాని రాసిన నాట్యగ్రంథం నృత్తరత్నావళినీ, రామప్ప గుడి శిల్పాలనూ ఆధారం చేసుకుని నటరాజ రామకృష్ణ తిరిగి నిలబెట్టిన యోధుల నాట్యం. గురువు దగ్గర ఏళ్ల తరబడి సాధన చేసే ఉద్దేశం ఉంటేనే అటు వెళ్లండి.

ఆడేవాళ్లను పిలవాల్సినవి

స్కూలు వార్షికోత్సవాల్లో అద్దె దుస్తులు వేసి పిల్లలతో గుస్సాడీ ఆడిస్తున్నారు. దయచేసి వద్దు. ఆదిలాబాద్ రాజ్‌గోండులకు దండారీ పండుగ రోజుల్లో నెమలి ఈకల టోపీ పూజలో ఉండే వస్తువు, అది పెట్టుకునేవాళ్లు నియమాలు పాటిస్తారు. కార్డ్‌బోర్డ్ టోపీతో ఐదు నిమిషాల ఐటెమ్‌గా చేస్తే అది వాళ్ల దేవుడితో ఆడుకోవడమే. ఒగ్గు కథ, చిందు యక్షగానం, వీరభద్రుడి వీరనాట్యం కూడా ఈ వరసలోనివే. వీటిని కళాకారులే ఆడాలి, మనం పిలిచి చూడాలి. మర్లవాయికి చెందిన గుస్సాడీ కళాకారుడు కనకరాజుకు 2021లో, చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ఇచ్చారు. బిరుదు ఒకరికి వచ్చినా బృందం మొత్తానికి కడుపు నిండాలంటే ప్రదర్శనలే దారి.

పిలిచేటప్పుడు దారి ఖర్చులు, భోజనం, రాత్రి బస ముందే మాట్లాడి, సగం డబ్బు ముందే పంపండి. అతిథుల ముందు నడిపించే ఊరేగింపుకి కాకుండా కనీసం గంట వేదిక ఇవ్వండి. లంబాడీ నాట్యం కావాలంటే అద్దాల దుస్తులు అద్దెకు తెచ్చే బదులు దగ్గర్లోని తండా ఆడవాళ్లను పిలవండి, వాళ్ల పాటతో సహా వస్తుంది. ఉత్తరాంధ్రవాళ్లయితే తప్పెటగుళ్లు, రొమ్ముకు కట్టుకున్న రేకు గుండ్రాలను చేతులతో మోగిస్తూ ఎగిరే ఆ బృందం ముందు ఏ డీజే నిలవదు.

బొమ్మనూ ఆటనూ ఒకేచోట చూసి ఆ తర్వాత నిర్ణయించుకుంటామంటే రెండు ప్రయాణాలు చెప్తాను. ఒకటి పూరీ దగ్గర రఘురాజ్‌పూర్. వీధి పొడవునా పట్టచిత్రకారుల ఇళ్లు, అదే ఊళ్లో మగపిల్లలు ఆడే గోటిపువా నాట్యం. ఒడిస్సీ గురువు కేలూచరణ్ మహాపాత్ర పుట్టిందీ అక్కడే. రెండోది మనకు ఇంకా దగ్గర, హైదరాబాద్ నుంచి ఒక్క రోజులో వెళ్లి రావచ్చు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాల్లో కొమురవెల్లి మల్లన్న జాతర. అక్కడ ఒగ్గువాళ్లు పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపొడితో నేల మీద పట్నం అనే పెద్ద ముగ్గు వేసి, దాని మీదే మల్లన్న కథ పాడతారు. చేర్యాల పక్కనే. ఆదివారం రద్దీ ఎక్కువ కాబట్టి పొద్దున్నే దర్శనం చేసుకుని పట్నం చూసి, మధ్యాహ్నం చేర్యాలకు వెళ్లండి. పటం వేయించుకోవాలనుకుంటే గోడ కొలత, కావాల్సిన కథ ముందే రాసుకుని, ఫోన్ చేసి వెళ్లడం మంచిది. పెద్ద పటమైతే చేతికి రావడానికి వారాలు పడుతుంది.